ఎస్ఆర్ నగర్ నుంచి ఎర్రగడ్డ రెండు స్టేషన్లే (నా అనుభవం)

2022 నవంబరు 12న ఆఖరి మాత్ర వేసుకున్నాను. ఐదు మిల్లీగ్రాముల ఎస్సిటలోప్రామ్ (డిప్రెషన్‌కు వాడే మందు), అందులోనూ సగం ముక్క. పదిహేను నెలల కింద మొదటి మాత్ర వేసుకునే ముందు, ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఏమైనా రాశారా అని ఫోన్‌లో రాత్రంతా వెతికాను. ఒత్తిడి తగ్గించుకోవడానికి చిట్కాలు బోలెడు దొరికాయి. లోపల డాక్టర్ ఏం అడుగుతారు, ఎంత ఖర్చవుతుంది, డ్యూటీలో ఏమని చెప్పుకోవాలి, ఇవి మాత్రం ఎక్కడా దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

నేను స్టాఫ్ నర్సుని. హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేసేదాన్ని. సొంతూరు సూర్యాపేట దగ్గర. ఉండేది ఎస్ఆర్ నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్, ముగ్గురుండే గది.

2020లో కొవిడ్ వచ్చినప్పుడు నాకేమీ కాలేదు. అప్పుడు భయం ఉండేది, కానీ నిద్ర కూడా పట్టేది. మే 3న గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టర్ పూలు చల్లుతుంటే హాస్టల్ టీవీలో చూశాం. అదే వారం హాస్టల్ ఆంటీ వచ్చి, "పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారమ్మా, మీ నర్సు పిల్లలు ఇంకెక్కడైనా చూసుకోండి" అంది. వేరేచోట రెండు నెలలుండి మళ్లీ అక్కడికే వచ్చాం. అది తలచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం.

నన్ను దెబ్బకొట్టింది 2021 ఏప్రిల్, మే, కొవిడ్ సెకండ్ వేవ్. ఐసీయూలో ఒక నర్సుకు ఒకరు, మహా అయితే ఇద్దరు పేషంట్లుండాలి. ఆ రెండు నెలలు నాకు ఐదుగురికి తక్కువ ఎప్పుడూ లేరు. కొన్ని రాత్రులు ఏడుగురు. హై ఫ్లో ఆక్సిజన్ మీద ఉన్న ఒక్క మనిషికే నిమిషానికి అరవై లీటర్ల దాకా వెళ్తుంది. బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను విమానంలో ఒడిశాకు పంపుతున్నారని వార్తల్లో చెబుతున్న రోజులవి. మా దగ్గర ఆక్సిజన్ ఆగిపోలేదు. ఆగిపోతుందేమో అన్న లెక్క మాత్రం తలలో తిరుగుతూనే ఉండేది.

మే మొదటి వారంలో 11వ బెడ్‌కు ఒక ఆర్టీసీ కండక్టర్ వచ్చాడు. యాభై రెండేళ్లు. మానిటర్ తల వెనక గోడకు ఉంటుంది కాబట్టి పేషంటుకు కనపడదు. గంటకోసారి "ఎంతుంది బిడ్డా?" అని అడిగేవాడు. రక్తంలో ఆక్సిజన్ శాతం 94 ఉండాలని ఎవరో చెప్పినట్టున్నారు. 88 అంటే, "94కు 88 ఇచ్చినవ్, ఇంకా ఆరు చిల్లర బాకీ. టికెట్ వెనక రాసియ్యి, దిగేటప్పుడు తీస్కుంట" అనేవాడు. సిటీ బస్సు ఎక్కినవాళ్లకు ఈ టికెట్ వెనక రాయడం గురించి చెప్పక్కర్లేదు. ముక్కులో గాలి హోరుకు సగం మాటే వినిపించేది. మిగతా సగం కళ్లలో చూసి అర్థం చేసుకునేదాన్ని. నా కళ్లు ఆయనకు కనిపించేవో లేదో, గాగుల్స్ నిండా ఆవిరే.

మే 9 రాత్రి పదకొండింటికి అడిగాడు. మానిటర్ మీద 78. నేను 88 అన్నాను. అంతకుముందు కూడా ఒకటో రెండో కలిపి చెప్పేదాన్ని, చాలామందిమి అలాగే చెప్పేవాళ్లం. ఆ రాత్రి పది కలిపాను. అప్పుడే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, స్పీకర్ పెట్టి పట్టుకున్నాను. "88 ఉందట. పండుకో పో, పొద్దున మాట్లాడత" అన్నాడు భార్యతో. రెండున్నరకు గొంతులో ఊపిరి ట్యూబ్ వేశారు. ఆరూ నలభైకి పోయాడు.

ఎనిమిదింటికి తర్వాతి డ్యూటీ సిస్టర్‌కు పేషంట్ల వివరాలు చెప్పి హ్యాండోవర్ ఇచ్చాను. ఏడుపు రాలేదు. హాస్టల్‌కు వెళ్లి ఉప్మా తిని పడుకున్నాను.

మే 12న లాక్‌డౌన్ పెట్టారు, జూన్ 20న తీసేశారు. బెడ్లు ఖాళీ అయ్యాయి. అందరూ ఊపిరి పీల్చుకుంటున్న ఆ టైమ్‌లో నాది మొదలైంది. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. తుఫానులో నిలబడ్డ చెట్టు ఎండ కాసిన రోజున కూలినట్టు అయింది నా పని. ముందు నిద్ర పోయింది. మూడింటికి మెలకువ వచ్చేది. పక్క మంచం మీద గ్రూప్స్‌కు చదివే అమ్మాయి పడుకుని ఉంటే, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఆమె ఊపిరి లెక్కపెట్టేదాన్ని. నిమిషానికి పదహారు. మళ్లీ లెక్కపెట్టేదాన్ని. ఒకరాత్రి ఆమె కళ్లు తెరిచేసరికి నేను ముఖం మీదికి వంగి ఉన్నాను. ఆ పిల్ల పెట్టిన కేకకు కింద వాచ్‌మన్ లేచి వచ్చాడు. పొద్దున్నే "అక్కా, నీకేమన్నా అయిందా?" అంది. "ఏం లేదే" అన్నాను.

డ్యూటీకి వెళ్లేటప్పుడు రోడ్డు దాటుతూ ఒక ఆలోచన వచ్చేది. చావాలని కాదు. ఏదో ఒక బండి మెల్లగా గుద్ది, చెయ్యి విరిగితే బాగుండు, ఆరు వారాలు కట్టు, ఆరు వారాలు లీవు అని. ఎడమ చెయ్యి అయితే మేలు, కుడిచెయ్యి తినడానికి కావాలి కదా అని కూడా లెక్క వేసుకున్నాను. ఇది మామూలు ఆలోచన కాదని అప్పుడు తోచలేదు.

మరి డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్లలేదంటే, ఎర్రగడ్డ. మా హాస్టల్ నుంచి మెట్రోలో రెండు స్టేషన్లు. హైదరాబాదులో ఎవరినైనా ఎగతాళి చేయాలంటే "నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలి" అంటాం. నేనూ అన్నాను, ఎన్నోసార్లు, నవ్వుతూ. అక్కడి మానసిక వైద్యశాలలో నర్సింగ్ చదివేటప్పుడు పోస్టింగ్ కూడా చేశాను. అది ఆసుపత్రేనని అందరికంటే నాకే బాగా తెలియాలి. అయినా మెట్రోలో ఆ స్టేషన్ పేరు చెబితే తల దించుకునేదాన్ని. విషయం తెలిసినవాళ్లకు భయం తక్కువ అనుకుంటారు. నా విషయంలో అది అబద్ధం.

ఆగస్టు 8, ఆదివారం నైట్ డ్యూటీలో బీపీ పెంచే మందు నార్‌అడ్రినలిన్ పంపుకు గంటకు 4 మిల్లీలీటర్లు పెట్టాల్సింది 40 అని కొట్టాను. స్టార్ట్ నొక్కే ముందు పక్కనున్న జూనియర్ సిస్టర్ నా చెయ్యి పట్టుకుంది. ఏమీ కాలేదు. కానీ ఆ అంకె వంక నేను చూస్తున్నాను, అది తప్పని నాకు తెలియడం లేదు. 40 నాకు 4 లాగే కనిపిస్తోంది. బాత్రూంలోకి వెళ్లి గంటసేపు ఏడ్చాను, మే నుంచి దాచినదంతా.

పొద్దున మా ఇన్‌చార్జ్ సిస్టర్‌కు నేనే చెప్పాను. ఆమె మలయాళీ, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉంటోంది. తిడుతుందనుకున్నాను. ఇన్సిడెంట్ ఫారం రాయించింది, టీ తాగించింది, "మోళే, నువ్వు ఇంటికి పోతే లాభం లేదు, సైకియాట్రిస్ట్ దగ్గర పో" అని ఒక నంబరు ఇచ్చింది. ఆ నంబరు ఆమె ఫోన్‌లో ఎందుకుందో నేను అడగలేదు.

అపాయింట్‌మెంట్ ఐదు రోజుల తర్వాత దొరికింది, ఆగస్టు 14, శనివారం సాయంత్రం. హిమాయత్‌నగర్‌లో ఒక క్లినిక్. తెలిసినవాళ్లు కనపడరని కావాలనే అంత దూరం ఎంచుకున్నాను. ఫీజు 800. పేరు అడిగితే ఇంటిపేరు మాత్రమే చెప్పాను. మాస్కు మీద చున్నీ కూడా కప్పుకుని మూలన కూర్చున్నాను. గంటా నలభై నిమిషాలు ఎదురుచూశాను. అరగంట గడిచాక ఎదురు కుర్చీలో ఉన్నాయన మీద అనుమానం వచ్చింది. మా ఆసుపత్రి ఎక్స్‌రే టెక్నీషియన్! పోర్టబుల్ మెషిన్ తోసుకుంటూ మా ఐసీయూకు రోజుకు పదిసార్లు వచ్చేవాడు. ఇద్దరం ఒకేసారి ఫోన్లలో తలలు దూర్చాం. లోపలికి పిలిస్తే లేస్తూ ఆయన, "నమస్తే సిస్టర్" అన్నాడు, వార్డులో అన్నట్టే.

డాక్టర్ ఒక పెద్దావిడ. "చెప్పమ్మా" అంది. నేను మొదలుపెట్టాను: ఇరవై తొమ్మిదేళ్ల ఫిమేల్, మూడు నెలలుగా నిద్రలేమి, బరువు ఐదు కిలోలు తగ్గింది, బీపీ నార్మల్, షుగర్ లేదు. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "పేషంట్ ఎవరమ్మా?" అంది. అప్పటికి గానీ నేను హ్యాండోవర్ ఇస్తున్నానని నాకు తట్టలేదు.

తర్వాత ఒక కాగితం ఇచ్చింది, తెలుగులోనే ఉంది. గత రెండు వారాల్లో ఎలా ఉందని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు. నర్సుని కాబట్టి నింపుతూనే కూడేశాను, 17 వచ్చింది. 27కు 17. తొమ్మిదో ప్రశ్న, చనిపోతే మేలనిపించడం, తనకు తాను హాని చేసుకోవాలనిపించడం గురించి. సున్నా పెట్టబోయి, చెయ్యి విరిగే సంగతి గుర్తొచ్చి ఆగాను. ఒకటి పెట్టాను. డాక్టర్ అన్నిటికంటే ఎక్కువసేపు ఆ ఒకటి మీదే మాట్లాడింది. ఎప్పుడు, ఎన్నిసార్లు, ఏదైనా ప్లాన్ ఉందా, మందులు చేతికి అందే ఉద్యోగం కదా అని సూటిగా అడిగింది. అంత సూటిగా అడిగితే భయమేస్తుందనుకునేదాన్ని. గుండె మీది బరువు కాస్త దిగినట్టయింది.

"బర్నవుట్ అంటారు కదా మేడమ్, అదేనా?" అని అడిగాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బుగా లెక్కించదు, పని ఒత్తిడి వల్ల వచ్చే అలసట స్థితిగా చూస్తుంది అని చెప్పింది. "పని మారిస్తే తగ్గేది ఒకటి, పని మారినా తగ్గనిది ఒకటి. నీకు రెండోది కూడా మొదలైంది, డిప్రెషన్" అంది. ఆ మాట నేను వందమంది కేస్ షీట్లలో చదివాను. నా పేరు పక్కన విన్నప్పుడు కుర్చీ అంచు పట్టుకున్నాను.

ఎస్సిటలోప్రామ్ వారం రోజులు 5, తర్వాత 10. నిద్రకు క్లోనజిపామ్ 0.25, రెండే వారాలు, ఆ తర్వాత అడిగినా ఇవ్వనని ముందే చెప్పింది. రక్తపరీక్షలు కూడా రాసింది: థైరాయిడ్, బీ12, విటమిన్ డి, సీబీపీ, 1,850 రూపాయలు. అనవసరం అనుకున్నాను. బీ12 బాగా తక్కువ ఉంది. ఆరు నెలలు టీ బిస్కెట్ల మీద బతికితే ఏముంటుంది! మందులు మా ఆసుపత్రి ఫార్మసీలో కొనలేదు. అమీర్‌పేటలో ఒక షాపులో చీటీ ఇస్తే, ఆ అబ్బాయి చీటీ చూసి, నన్ను చూసి, స్టాంపు కొట్టి కవర్లో వేశాడు. అంతే. ఆ చూపు కోసం నేను వారం రోజులు భయపడ్డాను.

మొదటి వారం దారుణం. వికారం, ఆవలింతలు, గుండె దడ ఇంకా పెరిగింది. ఈ మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని పేషంట్లకు నేనే చెప్పిన మాట. ఆరో రోజు నేనే ఆపేయబోయాను. డాక్టర్‌కు ఫోన్ చేస్తే తిన్నాక వేసుకో, ఇంకో నాలుగు రోజులు చూడు అంది. తొమ్మిదో రోజుకు వికారం తగ్గింది.

లీవు సంగతి. సర్టిఫికెట్‌లో ఏం రాయాలని డాక్టర్ నన్నే అడిగింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం జబ్బు వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు నీకుంది అని చెప్పి, "చికిత్సలో ఉంది, ఆరు వారాలు విశ్రాంతి అవసరం" అని మాత్రం రాసింది. హెచ్ఆర్‌లో అబ్బాయి జబ్బు పేరు అడిగాడు. అందులో రాసిందే అన్నాను, గొంతు వణికింది. మా చదువు సర్టిఫికెట్లు ఒరిజినల్స్ ఆసుపత్రివాళ్ల దగ్గరే ఉంటాయి, బాండ్ ఉంది, అందుకు భయం. నాలుగు రోజులకు ఒప్పుకున్నారు, జీతం లేకుండా 42 రోజులు. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు సిక్ లీవులో 91 రోజుల దాకా 70 శాతం వస్తుంది. నా జీతం 26,500, ఈఎస్ఐ 21,000 దాటితే ఉండదు. ఇన్సూరెన్స్ కార్డు ఉంది కదా అనుకున్నాను, మా పాలసీలో అడ్మిట్ అయితేనే, ఓపీకి రాదు. చివరికి ఆదుకున్నది పీఎఫ్. కొవిడ్ అడ్వాన్స్ రెండోసారి కూడా తీసుకోవచ్చని ఆ మే నెలాఖరులోనే చెప్పారు. ఆన్‌లైన్‌లో పెట్టాను, నాలుగో రోజుకు ఖాతాలో పడింది. కారణం ఎవరూ అడగలేదు.

ఆగస్టు 23న ఊరికి పోయాను. అమ్మ నన్ను చూసి, "గట్ల చిక్కిపోయినవేంది బిడ్డా" అని ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయలు ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిదేనని తేల్చింది. వాడకట్టులో టైఫాయిడ్ అని చెప్పింది. మాత్రలు బెల్లం డబ్బాలో దాచింది, ఎవరైనా సంబంధం మాట్లాడడానికి వస్తే కనపడకూడదని. నాన్న ఒక్కసారి మాత్రం, "అలవాటైతే ఎట్లా?" అన్నాడు. ఈ మందు అలవాటు పడేది కాదు, డాక్టర్ చెప్పకుండా టక్కున ఆపకూడదు అంతే అని చెప్పాను. సరేనన్నాడు. మర్నాటి నుంచి రాత్రి అన్నం అయ్యాక బెల్లం డబ్బా తెచ్చి ముందు పెట్టేది ఆయనే.

పంతొమ్మిదో రోజు అనుకుంటా, కూరగాయలామె వంకాయలు కిలో నలభై చెప్పింది. నేను లేచి వెళ్లి పదిహేను నిమిషాలు కొట్లాడి పాతికకు తెచ్చాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "వచ్చిందమ్మా నా బిడ్డ" అంది. మందు పట్టిందని నాకూ అప్పుడే అర్థమైంది.

కౌన్సెలింగ్ సెప్టెంబరు 6న మొదలైంది. ఎనిమిది సెషన్లు, ఒక్కోటి 900, ఫోన్‌లో నలభై ఐదు నిమిషాలు. ముందు మాట్లాడిన ఇద్దరూ ఇంగ్లిష్‌లోనే అడిగేవారు. నాకు ఇంగ్లిష్ వచ్చు, కేస్ షీట్ రాయగలిగినంత. ఏడవడానికి అది చాలలేదు. మూడో ఆవిడ వరంగల్ మనిషి, అక్కడ కుదిరింది. ఇంట్లో గోడలకు చెవులు కాబట్టి పొలం దగ్గర మోటారు షెడ్డు వెనక వేపచెట్టు కింద కూర్చుని మాట్లాడేదాన్ని. సిగ్నల్ ఆ ఒక్కచోటే వచ్చేది.

మూడో సెషన్‌లో 11వ బెడ్ గురించి చెప్పాను. 78కి 88 చెప్పానని. నీ తప్పు లేదమ్మా అంటుందని ఎదురుచూశాను, అప్పటికే ఇన్‌చార్జ్ సిస్టర్ ఆ మాట అంది, డాక్టర్ అంది, ఒక్కటీ లోపలికి దిగలేదు. ఈమె అలా అనలేదు. "నిజం చెబితే ఆయన ఏం చేసేవాడు?" అని అడిగింది. చాలాసేపు నా నోరు పెగల్లేదు. మోటారు నీళ్లు కాలవలో పడుతున్న చప్పుడు ఆమెకు కూడా వినిపించి ఉంటుంది. "ఫోన్ పెట్టేసేవాడు కాదు" అన్నాను. నాలుగు నెలలుగా నేను ఆయన చావు మోస్తున్నాననుకున్నాను. మోస్తున్నది ఆ ఫోన్ కాల్‌ని. ఆమె కూడా కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇవాళ ఇక్కడ ఆపుదాం, అన్నం తినండి" అంది.

అక్టోబరు 4న డ్యూటీలో చేరాను, బతుకమ్మకు రెండు రోజుల ముందు. ఐసీయూ వద్దని రాసిచ్చాను, డేకేర్ వార్డులో వేశారు. కొందరు "అదృష్టవంతురాలివి, తేలిక డ్యూటీ" అన్నారు. కొందరు మాట్లాడడం తగ్గించారు. నేను అనుకున్నంతమంది పట్టించుకోలేదు, ఎవరి పని వాళ్లది.

2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చి బడులు మూసేసినప్పుడు, మనుషులు చాలక నన్ను మూడు వారాలు కొవిడ్ వార్డుకు పంపారు. మొదటిరోజు పీపీఈ జిప్పు పైకి లాగుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఒక పెద్దమ్మ అడిగింది, "ఎంతున్నదమ్మా?" అని. 91 ఉంది. నోటిదాకా 94 వచ్చింది. మానిటర్ స్టాండు పట్టుకుని ఆమె వైపు తిప్పాను. "తొంభై ఒకటి, పెద్దమ్మా. తొంభై నాలుగు రావాలి. మీ అబ్బాయికి ఫోన్ కలపనా?" ఆమె ఆ అంకె చూసి, "వద్దు, వాడు తిండి మానేస్తడు" అంది. ఆమె ఇష్టం. ఐదో రోజు డిశ్చార్జ్ అయింది.

మాత్రలు మాత్రం కొనసాగాయి. బాగైనట్టు అనిపించాక కూడా కొన్ని నెలలు వాడాలని డాక్టర్ పట్టుబట్టింది. సెప్టెంబరు నుంచి మెల్లగా తగ్గించాం. తగ్గించేటప్పుడు తల తిప్పితే లోపల చిన్న షాక్ కొట్టినట్టు ఉండేది, రెండు వారాలు. ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. మొత్తం లెక్క: ఫీజులు, పరీక్షలు, మందులు, కౌన్సెలింగ్ కలిపి దాదాపు 19 వేలు. పోయిన జీతం 37 వేలు. చికిత్స కంటే విశ్రాంతికే ఎక్కువైంది.

అక్టోబరులో లిఫ్ట్ దగ్గర ఎక్స్‌రే ఆయన కలిశాడు. అటూ ఇటూ చూసి, "సిస్టర్, మీకు నిద్రమాత్ర ఆపేశారా?" అన్నాడు. ఎప్పుడో అన్నాను. తను ఇప్పుడు ఎర్రగడ్డ ఓపీకి వెళ్తున్నాడట. "మాత్రలు ఫ్రీ సిస్టర్, పొద్దున్నే పోతే డ్యూటీ టైమ్‌కు వచ్చేయొచ్చు" అని, రేషన్ షాపు గురించి చెప్పినట్టు చెప్పాడు. 14416 అని కొత్త ఫోన్ నంబరు వచ్చిందని కూడా ఆయనే చెప్పాడు, టెలీ మానస్ అట, ఆ నెల 10న మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం లేవు. మా నోటీసు బోర్డు మీద ఆ నంబరు నేనే రాసి పెట్టాను. రెండోరోజుకు కాగితం అంచున నంబరు ఉన్న ముక్క ఎవరో చింపుకుపోయారు. మళ్లీ రాశాను.

బస్సులో కండక్టర్ టికెట్ ఇస్తుంటే ఇప్పటికీ ముందు ఆయన గోళ్లు నీలబడ్డాయేమో చూస్తాను. మొన్న అమీర్‌పేటలో ఎక్కి యాభై ఇస్తే, చిల్లర లేదని టికెట్ వెనక అంకె రాసి ఇచ్చాడు. ఆ టికెట్ గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. దిగేటప్పుడు అడిగి తీసుకున్నాను.